జున్ను రీల్‌కి లక్షల వ్యూస్, పచ్చడికి మాత్రం ఆర్డర్లు లేవు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది తెనాలి. కొన్నేళ్లుగా ఇంట్లోనే పొడులు, పచ్చళ్లు చేసి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో అమ్ముతున్నాను. హైదరాబాద్, బెంగళూరు వాళ్లే కాక అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా తెప్పించుకుంటారు. మా ఇంట్లో జున్ను అని ఒక కుక్క ఉంది. వీధిలో దొరికిన పిల్లని తెచ్చి పెంచాం. నేను మిరపకాయలు వేయించడం మొదలుపెడితే చాలు, హాల్లో పడుకున్నది ఒక తుమ్ము తుమ్మి, విసుక్కుంటూ లేచి వీధి అరుగు మీదికి పోతుంది. స్టవ్ కట్టేదాకా లోపలికి రాదు. కొరియర్ అబ్బాయి వస్తే మాత్రం దాని హడావుడి చూడాలి. ఆమధ్య మా అమ్మాయి సరదాకి జున్నును పచ్చడి సీసాల పక్కన కూర్చోబెట్టి, సినిమా పాట పెట్టి రీల్ తీసింది. 4 లక్షల మంది చూశారు. ఫాలోవర్లు 900 నుంచి 11,000కి పెరిగారు. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ‘వెంట్రుకలు పడవా అండీ?’ అని ఒకావిడ కామెంట్ పెడితే అమ్మాయి నవ్వు బొమ్మ పెట్టి వదిలేసింది. ఇప్పుడు ఒక ఏజెన్సీ వాళ్లు నెలకి 20,000 ఇస్తే పెట్ వీడియోలతో బ్రాండ్ నిలబెడతామంటున్నారు. జున్ను ‘లుక్’ బాలేదట, హస్కీని తెస్తారట, పచ్చడి నాకించి రియాక్షన్ వీడియో తీస్తారట. ఒక పెట్ ఫుడ్ కంపెనీ వాళ్లు కూడా మెసేజ్ పెట్టారు. మా అత్తయ్యేమో తినే వస్తువు దగ్గర కుక్కేమిటని రోజూ గొడవ. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: నమస్తే అండీ. ముందు మీ అత్తయ్యగారి తరఫున మాట్లాడతాను. ఈ విషయంలో ఇంట్లో ఆవిడకి ఓట్లు తక్కువ పడుతున్నట్టున్నాయి.

ఆవిడది చాదస్తం కాదు. ఆహార పదార్థాలు తయారుచేసి అమ్మేవాళ్లకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన శుభ్రతా నిబంధనలు షెడ్యూల్ 4లో ఉంటాయి. తయారీ జరిగే చోటికి జంతువుల్ని, పక్షుల్ని, పెంపుడు ప్రాణుల్ని రానివ్వకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. అది సొంత వంటగదే కావచ్చు, అమ్మకానికి చేస్తున్నప్పుడు అదే తయారీ చోటు. చట్టం సంగతి అలా ఉంచి, కొనేవాళ్ల మనసు చూడండి. తడి చెయ్యి తగిలితేనే పచ్చడి పాడైపోతుందని నమ్మే జనం మనం. జాడీ మూత తీసినప్పుడు పక్కన ఎవరైనా తుమ్మితే పెద్దవాళ్లు ఊరుకుంటారా? అలాంటిది సీసాల వరస పక్కన కుక్క మూతి కనిపించింది. ‘అబ్బ, ఎంత ముద్దుగా ఉందో’ అని లైక్ కొట్టిన మనిషే డబ్బు కట్టే దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో మీకు చెప్పదు. ఒక్కావిడ మాత్రం నోరు తెరిచి అడిగింది. ఆ రీల్ కింద ఉన్న కామెంట్లన్నిటిలో మీ వ్యాపారానికి పనికొచ్చేది అదొక్కటే. దానికి నవ్వు బొమ్మ జవాబు కాదు.

కాబట్టి ఆ రీల్‌ని ఆర్కైవ్ చెయ్యండి. 4 లక్షల వ్యూస్ పోతాయని అమ్మాయి బాధపడుతుంది, పడనివ్వండి. దానికన్నా ముందు ఆ కామెంట్ పెట్టినావిడకి విడిగా మెసేజ్ పంపండి: ‘అమ్మా, జున్నును వంటగదిలోకి రానివ్వం. ఆ రోజు వీడియో కోసం సీసాల దగ్గర కూర్చోబెట్టాం, అలా చెయ్యకుండా ఉండాల్సింది. ఆ సీసాలు ఎవరికీ పంపలేదు, ఇంట్లోకే వాడుకున్నాం.’ చివరి వాక్యం నిజమైతేనే రాయండి. వంటగది గుమ్మానికి ఒక చిన్న అడ్డుతలుపు పెట్టించి, ఆ ఫొటో కూడా పంపితే ఇంకా మంచిది.

ఇక లక్షల మంది చూసినా ఆర్డర్లు ఎందుకు రాలేదన్నది. మీ ఖాతాలో ‘ఇన్‌సైట్స్’ తెరిచి, ఆ రీల్‌ని చూసినవాళ్లు ఏ దేశాల వాళ్లో, ఏ ఊళ్ల వాళ్లో ఒకసారి చూడండి. పాట, కుక్క మొహం తప్ప మాట లేని వీడియో అది. దానికి భాష అడ్డురాదు. జకార్తాలో కూర్చున్న కాలేజీ అమ్మాయి కూడా ఆగి చూస్తుంది. పెద్ద కళ్లు, గుండ్రటి మొహం కనబడితే పసిబిడ్డని చూసినట్టే మనకి ముద్దొస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే రాశాడు. ఫోన్ మీద వేలు ఆగేది ఆ ముద్దుకే. అంతమాత్రాన ఆమెకి గోంగూర పచ్చడి కావాలనిపించదు కదా.

ఇందులో కనబడని నష్టం ఇంకోటుంది. రీల్‌ని మొదట కొద్దిమందికి చూపించి, వాళ్లు ఆగి చూస్తే మరికొంతమందికి చూపించడం ఆ యాప్ పద్ధతి. ఇప్పుడు మీ ఫాలోవర్లలో పది వేల మంది కుక్క కోసం వచ్చినవాళ్లు. మీరు కందిపొడి రీల్ పెడితే వాళ్లు చూడకుండా పైకి తోసేస్తారు. దాంతో ఆ రీల్ అక్కడే చతికిలపడుతుంది. ఈమధ్య పొడుల వీడియోలు మునుపటికన్నా డల్‌గా ఉన్నాయని మీకు అనిపిస్తుంటే కారణం ఇదే కావచ్చు.

అందుకని ఇకమీద వ్యూస్ లెక్కపెట్టడం మానండి. ‘ధర ఎంత’, ‘హైదరాబాద్‌కి పంపుతారా’, ‘వెల్లుల్లి లేకుండా చేస్తారా’ అని అడిగినవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. రీల్‌ని ఎవరికైనా పంపినవాళ్లు, దాచుకున్నవాళ్లు ఎందరో చూడండి. జున్ను కనిపించే ప్రతి వీడియో కింద ‘ఆర్డర్ పెట్టేటప్పుడు జున్ను అని రాయండి, నల్లకారం చిన్న ప్యాకెట్ ఉచితం’ అని పెట్టండి. నెలాఖరున వాట్సాప్‌లో ‘జున్ను’ అని వెతికితే ఆ కుక్క ఎంత బేరం తెచ్చిందో తేలిపోతుంది. ఏ ఏజెన్సీ రిపోర్టూ ఇంత సూటిగా చెప్పదు.

అయితే కుక్కను పూర్తిగా పక్కన పెట్టేయమని నేను చెప్పడం లేదు. దాన్ని ఎలా వాడుకోవాలో మన దేశంలో అందరికీ తెలిసిన రెండు ప్రకటనలే చూపిస్తాయి.

‘కుక్క బొమ్మ రికార్డు’ అంటే మీ అత్తయ్యగారికి వెంటనే గుర్తొస్తుంది. హెచ్‌ఎంవీ (‘హిజ్ మాస్టర్స్ వాయిస్’, అంటే యజమాని గొంతు) గుర్తులో గ్రామఫోన్ గొట్టం ముందు తల వంచి వింటున్న ఆ కుక్క నిజంగా ఉండేది. పేరు నిప్పర్. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు దాని బొమ్మ వేశాడు. మొదట వేసింది గ్రామఫోన్ కాదు, స్తూపాకారపు రికార్డులు పాడే ఫోనోగ్రాఫ్. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మను కొనడానికి ఒప్పుకుంటూ, ఆ యంత్రాన్ని చెరిపి తమ యంత్రం వెయ్యమంది. కుక్కను మాత్రం అలాగే ఉంచారు. ఎందుకంటే కంపెనీ చెప్పుకోవాల్సిందంతా ఆ కుక్క చెవుల్లోనే ఉంది. యజమాని గొంతే అనుకుని వింటోందంటే, ఆ యంత్రంలో పలికేది అంత అచ్చంగా ఉందన్నమాట.

రెండోది మీకే గుర్తుంటుంది. 2003లో వచ్చిన సెల్‌ఫోన్ కంపెనీ హచ్ ప్రకటన. పిల్లాడు ఎక్కడికెళ్తే అక్కడికి ఒక పగ్ కుక్క వెంట నడుస్తూ ఉంటుంది. మీరెక్కడికి వెళ్తే మా నెట్‌వర్క్ అక్కడికి వస్తుందని చెప్పడానికి వేరే మాటలేవీ అవసరం లేకపోయాయి. పగ్ ముద్దుగా ఉందన్నది నిజమే, కానీ ప్రకటన నిలబడింది అది చేసిన పని వల్ల.

మీ అమ్మాయి తీసిన రీల్‌లో జున్ను ఏ పనీ చెయ్యలేదు, ఊరికే కూర్చుంది. దాని స్థానంలో పిల్లినో కుందేలునో పెట్టినా తేడా ఉండేది కాదు. పచ్చడి తీసేసి సబ్బులు పెట్టినా తేడా ఉండేది కాదు.

కానీ మీ ఉత్తరంలో మీకు తెలియకుండానే ఒక బంగారం లాంటి విషయం రాశారు. మిరపకాయలు మూకుట్లో పడగానే జున్ను తుమ్మి బయటికి పోతుందన్నారే, అది తియ్యండి. ఆ రోజే వేయించిన కారమని, ఘాటు తగ్గని మిరపకాయలని మీరు వందసార్లు చెప్పినా వినని జనం, ఆ ఒక్క తుమ్ము చూసి నమ్ముతారు. పైగా కుక్క తనంతట తానే వంట జరిగే చోటికి దూరంగా పోతోంది. అత్తయ్యగారి అభ్యంతరానికీ, కామెంట్ పెట్టినావిడ అనుమానానికీ జవాబు అందులోనే ఉంది.

ఎలా తీయాలంటే: ఫోన్‌ని వీధి అరుగు మీద పూలకుండీకి ఆనించి, గుమ్మం కనిపించేలా పెట్టి వదిలేయండి. లోపల మీ పని మీరు చేసుకోండి. మొదట మిరపకాయలు చిటపటలాడే చప్పుడు వినిపిస్తుంది, మనిషి కనబడదు. కాసేపటికి జున్ను గుమ్మంలోకి వస్తుంది, తుమ్ముతుంది, అరుగు మీద దబ్బున పడుకుంటుంది. లోపల్నుంచి మీ దగ్గు కూడా వినిపిస్తే తీసెయ్యకండి, ఉంచండి. తర్వాత వంటగదిలో విడిగా తీసిన ముక్క కలపండి: జుట్టు ముడేసుకుని, తలకి గుడ్డ కట్టుకుని మీరు మూకుట్లో మిరపకాయలు తిప్పుతూ ఉండటం, పక్క పళ్లెంలో తొడిమలు తీసినవి సిద్ధంగా ఉండటం. వంటగది ఫ్రేములో కుక్క, కుక్క ఫ్రేములో తిండి ఎప్పుడూ కలవకూడదు. మాట తెలుగులోనే ఉండనివ్వండి. జకార్తా అమ్మాయి ఈసారి ఆగదు, డాలస్‌లో ఉన్న మన తెనాలి అమ్మాయి ఆగుతుంది. ఆమెకి అరుగు, గుమ్మం, లోపల్నుంచి వచ్చే ఆ దగ్గు అన్నీ తెలిసినవే.

ఒక షరతు. వీడియో సరిగ్గా రాలేదని జున్నును పట్టుకొచ్చి మళ్లీ పొగ దగ్గర కూర్చోబెట్టకండి. ఎలాగూ వారానికోసారి మీరు వేయిస్తారు. ఈ వారం రాకపోతే వచ్చే వారం వస్తుంది.

కొరియర్ అబ్బాయి వచ్చినప్పటి హడావుడి కూడా పనికొచ్చేదే. చిన్న వ్యాపారాల దగ్గర కొనేవాళ్లకి ఉండే పెద్ద బెంగ, డబ్బు కట్టాక పార్సిల్ కదిలిందా లేదా అని. గేటు దగ్గర టేపు వేసిన డబ్బాలు, బండి చప్పుడు వినగానే లేచి తోక ఊపుకుంటూ పరిగెత్తే జున్ను, కింద ‘ఈ మంగళవారం పార్సిళ్లు బయలుదేరాయి’ అని ఒక్క లైను. వారం వారం అదే పెడితే మీ పార్సిళ్లు ఏ రోజు కదులుతాయో కొనేవాళ్లకి నోటికి వచ్చేస్తుంది. ఆ అబ్బాయికి కుక్కంటే భయముంటే మాత్రం ఇది వద్దు. భయం లేకపోయినా అతన్ని అడిగాకే మొహం చూపించండి. జున్నుకి పట్టీ ఉండాలి, గొలుసు మీ చేతిలో ఉండాలి.

జున్ను వీడియో వారానికి ఒకటి చాలు. మిగతావి తిండి గురించే ఉండాలి.

ఏజెన్సీ సంగతికొద్దాం. వద్దనే నా సలహా, అదీ డబ్బు ఎక్కువని కాదు. వాళ్లు చెప్పిన రెండు ఐడియాలూ ప్రమాదకరమైనవే.

జాతి కుక్కను తేవడం మొదటిది. హచ్ పగ్ కథలో రెండో సగం ఎవరూ చెప్పరు. ఆ ప్రకటన తర్వాత దేశమంతా పగ్‌లకి గిరాకీ పెరిగింది. అణిగిపోయిన ముక్కుతో అవి మన ఎండల్లో ఊపిరి తీసుకోవడానికే అవస్థపడతాయి. సరదాకి కొన్నవాళ్లలో కొందరు వైద్యం ఖర్చు భరించలేక వదిలేశారు. చివరికి జంతు సంక్షేమ సంస్థలు ప్రకటనల్లో పగ్‌ని వాడొద్దని కంపెనీని అడిగే దాకా వచ్చింది. హస్కీ మంచు ప్రాంతపు కుక్క, రెండు పొరల బొచ్చుతో పుడుతుంది. మే నెల తెనాలిలో దాని గతేమిటో మీరే ఊహించండి. వ్యాపారం కోణంలో చూసినా హస్కీ ఎక్కడి నుంచో అద్దెకొచ్చినట్టే ఉంటుంది. మీరు అమ్మేది ఇంటి వంట. ఆ ఇంట్లో ఉండాల్సిన కుక్క జున్నే. లుక్ బాలేదన్నవాళ్లకి మీ బ్రాండ్ ఏమిటో అర్థం కాలేదు.

పచ్చడి నాకించే వీడియో అంతకన్నా ఘోరం. వెల్లుల్లి, ఉల్లి కుక్కల రక్తంలోని ఎర్ర కణాల్ని దెబ్బతీస్తాయి. పచ్చళ్లలో ఉండే ఉప్పు కూడా వాటికి మంచిది కాదు. కారంతో కుక్క గిలగిల్లాడుతుంటే నవ్వు పాట వేసి అమ్ముకోవడమంటే, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద మీ మీద ఫిర్యాదుకి సాక్ష్యం మీరే, మీ బ్రాండ్ పేరుతో సహా, అందరికీ పంచిపెట్టడం. ప్రకటనల్లో, సినిమాల్లో జంతువుల్ని వాడటానికి 2001లో వచ్చిన ప్రదర్శన జంతువుల నిబంధనలు ఉన్నాయి, జంతు సంక్షేమ బోర్డు అనుమతి తీసుకోవాలి. సినిమా మొదట్లో ‘ఏ జంతువునూ హింసించలేదు’ అని తెర మీద పడేది ఊరికే కాదు. హస్కీని తెస్తామన్నవాళ్లని ఆ అనుమతి ఉందా అని ఒక్క మాట అడగండి. చాలామటుకు మళ్లీ ఫోన్ రాదు. ఇంకో జాగ్రత్త: రేపు ఎవరైనా పంజరంలో రామచిలుకను తెచ్చి రీల్ తీద్దామంటే అసలు ఒప్పుకోకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పెంచడమే నేరం.

వీడియో తీసే అమ్మాయికి ఒకటి నేర్పండి. కుక్క మాటిమాటికీ పెదాలు నాక్కుంటున్నా, నిద్ర లేకుండానే ఆవలిస్తున్నా, చెవులు వెనక్కి పెట్టి మొహం తిప్పేసుకున్నా, కంటి కొసన తెల్లగుడ్డు కనిపిస్తున్నా దానికి ఇబ్బందిగా ఉందని అర్థం. చూసేవాళ్లు ‘నవ్వుతోంది’ అని కామెంట్ పెడతారు, అది నవ్వు కాదు. అవి కనబడగానే ఫోన్ లోపల పెట్టెయ్యాలి. కళ్లజోళ్లు, చొక్కాలు, పండగ రోజు టపాకాయల పక్కన ఫొటోలు, ఇవేవీ వద్దు.

సినిమా పాటల గురించి కూడా రెండు ముక్కలు. సొంత ఖాతాలో సరదాకి వాడుకోనిచ్చే పాటల్ని వ్యాపార ప్రచారానికి వాడుకునే హక్కు మనకి ఉండదు. వ్యాపారాల కోసం ఇన్‌స్టాగ్రామ్ విడిగా ఇచ్చే సంగీతం ఉంటుంది, అది వాడండి. నన్నడిగితే మూకుడు చప్పుడు, రోటి చప్పుడు చాలు.

మీరు అడగలేదు గానీ, వీధికుక్కల పేరెత్తితే ఈ రోజుల్లో కామెంట్లలో యుద్ధం మొదలవుతుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక చిన్న పిల్లాణ్ని చంపేసిన సంగతి మనవాళ్లు మర్చిపోలేదు. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలపై సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చి, కొద్ది రోజులకే సవరించినప్పుడు దేశమంతా రెండు వర్గాలైంది. మీ దగ్గర పచ్చడి కొనేవాళ్లు రెండు వైపులా ఉంటారు. ఎవరైనా భయంతోనో కోపంతోనో రాస్తే వాదించకండి. ‘జున్నుకి రేబిస్ టీకాలు, ఆపరేషన్ అన్నీ చేయించాం, ఎప్పుడూ గేటు లోపలే ఉంటుంది’ అని చెప్పి వదిలేయండి. టీకాల కార్డు నిజంగా ఇంట్లో ఉండాలి సుమా.

మిగిలింది పెట్ ఫుడ్ కంపెనీ. ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు గానీ పచ్చళ్ల ఖాతాలో వద్దు. కారప్పొడి కింద కుక్కబిస్కెట్లు కనబడితే అత్తయ్యగారు మళ్లీ మొదలుపెడతారు, ఈసారి కూడా న్యాయం ఆవిడవైపే ఉంటుంది. కావాలంటే అమ్మాయి జున్ను పేరుతో వేరే ఖాతా నడుపుకుని అందులో పెట్టుకోవచ్చు. డబ్బు తీసుకున్నా, ఉచితంగా సంచీ తీసుకున్నా అది ప్రకటన అని వీడియోలోనే స్పష్టంగా చెప్పాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేది అదే. ఎక్కడో హ్యాష్‌ట్యాగుల గుంపు చివర దాచిపెడితే చెల్లదు. వాళ్లకి మాటివ్వకముందు ఒక చిన్న సంచీ పంపమని అడగండి, మీ పశువైద్యుడికి ఓసారి చూపించండి. ఆయన సరేనన్నాక జున్ను ముందు పెట్టండి. అది ముట్టుకోకపోతే కంపెనీ వాళ్లకి ఆ మాటే రాసి పంపండి.